కుడివైపు పేజీ

పంపుల కంపెనీలో ఆయన్ని అందరూ కామా గారనేవారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ కంపెనీ నీళ్ళ మోటార్లకి వాడకం పుస్తకాలు రాసిన మనిషి. మోటారు కొన్నవాళ్ళలో పదిమందికి ఒక్కడు కూడా ఆ పుస్తకం తెరవడని ఆయనకి తెలుసు. తెలిసినా ఒక్కో వాక్యం దగ్గర అరగంట కూర్చునేవాడు. "ఆ తెరిచిన ఒక్కడి కోసమేగా రాసేది. వాడు ఇది చదివి కరెంటు తీగ మీద చెయ్యి వేస్తాడు. నేను కామా తప్పు పెడితే వాడి ప్రాణం మీదికొస్తుంది" అని కింద పనిచేసేవాళ్ళకి క్లాసు పీకేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఉండగా చేతిలో బ్రష్షు జారింది. తీసుకుందామని వంగినవాడు వంగినట్టే కూలబడ్డాడు. పక్షవాతమని ఆసుపత్రిలో పదహారు రోజులు ఉంచారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు. ఇంటికొచ్చేటప్పటికి కాలు కాస్త ఈడుస్తూ నడవగలుగుతున్నాడు. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో వస్తువు ఒళ్ళో పెట్టుకున్నట్టు ఉండిపోయింది. అవన్నీ ఒక ఎత్తు. మాట పోవడం ఒక ఎత్తు.

పోవడమంటే మూగవాడు కాలేదు. ధారాళంగానే మాట్లాడేవాడు. గొంతు అదే, విరుపు అదే, చివర్లో "అర్థమైందా?" అన్నట్టు కనుబొమ్మలెత్తడం అదే. మాటలే ఒకదాని చోట ఇంకొకటి వచ్చి కూర్చునేవి. మంచినీళ్ళు కావలసి వస్తే, "కిటికీ కొంచెం వేడిగా పెట్టు, గురువారం దిగుతుంది" అనేవాడు. అనేసి, నీళ్ళొస్తాయని చూస్తూ కూర్చునేవాడు. రాకపోతే విసుక్కునేవాడు. తను అన్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకొకటి అని ఆయనకి తెలీదు. చెప్పినా ఎక్కదు. ఎదుటివాళ్ళు చెప్పేది కూడా సగం సగమే చేరుతోందని డాక్టర్లు అన్నారు.

ఆయన భార్యది మందుల షాపు, ఇంటికి రెండు వీధుల అవతల. ఇరవై ఎనిమిదేళ్ళుగా డాక్టర్ల గిలుకుడు రాతలు చదివి చదివి ఆరితేరిన మనిషి. చీటీ తిరగేసి ఇచ్చినా ఫలానా మందని చెప్పేస్తుందని ఆ చుట్టుపక్కల పేరు. ఊళ్ళో వాళ్ళ రాతలన్నీ కూడబలుక్కోగలిగిన తను, కట్టుకున్నవాడు నోరు విప్పి గట్టిగా చెబుతుంటే అర్థం చేసుకోలేకపోయింది. ఆ అవమానం లాంటి దుఃఖం ఎవరితో చెప్పుకోవాలో ఆమెకి తెలియలేదు. పిల్లల్లేరు. ఉన్నది ఇద్దరే. ఆ ఇద్దరి మధ్యా ముప్పయ్యేళ్ళుగా నడిచిన మాటలు ఒక్క పూటలో తెగిపోయాయి.

వారానికి రెండుసార్లు మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేవారు. ఆమె బల్ల మీద బొమ్మల కార్డులు పరిచి, "చెంచా ఏదండీ?" అనేది. ఆయన దర్జాగా చెప్పు బొమ్మ తీసి ఇచ్చేవాడు. రెండు నెలలు గడిచాక ఒకరోజు డాక్టరమ్మ, "ఈ కార్డులు ఆయనకి చిన్నపిల్లల ఆటలా ఉన్నట్టున్నాయమ్మా. చేతికి బాగా అలవాటైన పని ఏదైనా ఉంటే పెట్టి చూడండి. మాట ఏ దారిన తిరిగొస్తుందో మనం చెప్పలేం" అంది.

అలవాటైన పని ఏదో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చిన నాటినుంచీ ఆయన రోజూ తొమ్మిదింటికల్లా చొక్కా మార్చుకుని, ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. పుస్తకాల పేజీలు పేర్చే పెద్ద సాఫ్టువేరేమో ఆఫీసువాళ్ళది. ఉద్యోగంతో పాటే అదీ పోయింది. ఆయన ఎడంచేత్తో మౌసు పట్టుకుంటే బాణం గుర్తు తెర మీద కోడిపిల్లలా పరుగెత్తేది. నాలుగుసార్లు చూసి బల్ల మీద గట్టిగా చరిచేవాడు.

ఆమె బొమ్మలమ్మాయికి ఫోన్ చేసింది. అమ్మాయంటే నలభై రెండేళ్ళావిడ. ఆయన రాసే పుస్తకాలకి పంపు లోపలి భాగాల బొమ్మలు గీసేది. పదకొండేళ్ళు ఆయన కింద పనిచేసింది, ఆయన ఎర్రసిరాకి ఏడ్చి, ఆయన మెచ్చుకుంటే రెండు రోజులు తిండి సయించక తిరిగిన మనిషి.

సంగతంతా విని, "ఆ పెద్ద సాఫ్టువేరుతో పనేముందక్కా?" అంది. "మామూలుగా రాసుకునే ఎడిటర్ ఒకటి ఉంటుంది. ఉచితమే. అందులో అంతా ఉత్త అక్షరాలే. హెడ్డింగు కావాలంటే లైను ముందు ఒక హ్యాష్ గుర్తు కొడితే చాలు. లావు అక్షరాలు కావాలంటే మాటకి అటు రెండు స్టార్లు, ఇటు రెండు స్టార్లు. మౌసు ముట్టుకోనక్కర్లేదు. సార్ చివరి రెండేళ్ళూ చిత్తుప్రతులన్నీ అందులోనే రాశారు. ఒంటిచేత్తో బ్రహ్మాండంగా కొట్టచ్చు."

"మరి ఆ హ్యాషులూ స్టార్లూ చూసి ఆయన తికమకపడరూ?"

"అందుకే ప్రివ్యూ పెడదాం. తెర రెండు సగాలు చేస్తాం. ఎడమవైపు సార్ కొట్టింది కొట్టినట్టు ఉంటుంది. కుడివైపు అదే పేజీ అచ్చులో ఎలా ఉంటుందో అలా కనబడుతుంది. సార్ అక్షరం కొడుతుంటే పక్కన పేజీ తయారవుతూ ఉంటుంది. ఆదివారం పొద్దున్న ఖాళీ పెట్టుకోండి. ఫోన్లో చెబుతాను."

ఆ ఆదివారం ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. ఎడిటర్ దింపుకోవడం వరకు బాగానే జరిగింది. తెలుగు అక్షరాలు పెట్టెలు పెట్టెలుగా కనబడితే ఫాంటు మార్చారు. ప్రివ్యూ తెరవడానికి మామూలుగా రెండు మీటలు కలిపి నొక్కి, వదిలి, మూడోది నొక్కాలి. ఒంటిచేత్తో అది కుదిరే పని కాదు. అంచేత పై వరసలో ఒకే ఒక మీటకి ఆ పని అప్పగించారు. ఫైలు తెరవగానే ప్రివ్యూ దానంతటదే రావాలి, రాసింది దానంతటదే సేవ్ కావాలి, ఎడమవైపు కిందికి జరిగితే కుడివైపు కూడా జరగాలి. ఇవన్నీ సెట్టింగుల ఫైలు అని ఒకటుంది, అందులో ఒక్కో లైనుగా కొట్టాలి. బొమ్మలమ్మాయి అటునుంచి ఒక్కో అక్షరం చదువుతుంటే ఆమె ఇటు ఒక్కో వేలితో కొట్టింది. మందుల పేర్లు కొట్టే అలవాటున్న చెయ్యి కాబట్టి అక్షరాలైతే తప్పు పోలేదు.

అంతా అయ్యాక చూస్తే ఏదీ పనిచెయ్యలేదు. లైన్ల కింద ఎర్రగా వంకర గీత ఒకటి పడి ఉంది.

"మళ్ళీ చదవండక్కా" అంది ఫోను. చదివింది. "సరిగ్గానే ఉందే!" అంది ఫోను. మూడుసార్లు చదివారు. ఆమెకి నడుం పట్టేసింది. ఇక రేపు చూద్దామని అనబోతుండగా, వెనకనుంచి ఎడంచెయ్యి ఒకటి ఆమె భుజం మీదుగా ముందుకొచ్చింది. ఆయన ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఆమె చూడలేదు. వేలు తెర దాకా వెళ్ళి, రెండో లైను చివర ఖాళీగా ఉన్నచోట రెండుసార్లు తట్టింది.

"అక్కడేం లేదండీ" అంది ఆమె.

ఆయన విసుగ్గా, "ఉప్పు! ఉప్పు దిగాలిగా మరి!" అన్నాడు.

ఫోన్లో బొమ్మలమ్మాయి అది వింది. తర్వాత చిన్నగా, "అక్కా, రెండో లైను చివర కామా పెట్టారా?" అంది.

పెట్టలేదు. పెట్టింది. ఎర్రగీత మాయమైంది. తెర మధ్యకి చీలి, కుడివైపు తెల్లటి పేజీ తెరుచుకుంది.

ఆమె కుర్చీలోంచి లేచి ఆయన్ని కూర్చోబెట్టింది. ఫోన్లో బొమ్మలమ్మాయి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "కామా గారు ఎక్కడికీ పోలేదక్కా" అంది. ఎదురుగా ఆ పేరు ఎన్నడూ అనని మనిషి, ఆరోజు గట్టిగానే అంది. ఆయన మొహం చేటంత అయింది.

మర్నాడు ఆమె షాపు మధ్యాహ్నం దాకా సహాయకురాలికి అప్పగించి ఇంట్లోనే ఉండిపోయింది. ఆయన తొమ్మిదింటికి కూర్చున్నాడు. వంటగదిలో ఆమెకి మీటల చప్పుడు వినబడుతూనే ఉంది. మొదట ఒక్కొక్కటిగా, తర్వాత రెండు మూడు కలిసి. పదకొండింటికి ఆమె తడిచెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి చూసింది.

కుడివైపు పేజీ నిండిపోయి ఉంది. పైన పెద్ద అక్షరాల్లో అధ్యాయం పేరు. దాని కింద కాస్త చిన్న అక్షరాల్లో ఉపశీర్షిక. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసిన సూచనలు, ఎక్కడికక్కడ లోపలికి జరిగి, పొందిగ్గా ఉన్నాయి. కింద హెచ్చరిక, లావు అక్షరాల్లో. అచ్చం ఆయన పుస్తకాల్లో పేజీ. అదే తీరు, అదే ఒద్దిక. రెండు నెలలుగా బిగబట్టుకున్నదేదో ఆమెలో ఒక్కసారిగా వదులైంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ దగ్గరికి వెళ్ళింది.

వెళ్ళి చదివింది.

"మూడో అధ్యాయం: మెట్ల ఉతుకు. ఒకటి: ముందుగా గాలి చివరకు తాళం వేసి, రెండు మంగళవారములు ఎడమకు తిప్పవలెను. రెండు: నీడ కారుతున్నచో, చెంచాను బిగించవలెను. హెచ్చరిక: కుర్చీ నిండక ముందు తలుపును మేపరాదు."

ఒక్క అచ్చుతప్పు లేదు. కామాలన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. ఆమె మళ్ళీ చదివింది, తనకే అర్థం కాలేదేమో అన్నట్టు. ఆయన కుర్చీ తిప్పి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ళు రాసిన ప్రతి అధ్యాయం ముందు ఆమెకే చూపించేవాడు. "పంపుల గురించి నీకేం తెలీదు, నీకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే" అని.

ఆమె "బాగుందండీ" అంది.

అక్కడ మొదలైంది. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు కావలసి వచ్చింది. రోజూ ఒకటో రెండో పేజీలు. రోజూ "బాగుంది." వారం తిరిగేసరికి ఆయన ఫోన్లో బొమ్మలమ్మాయి పేరు మీద వేలు పెట్టి, తెర చూపించి, చెయ్యి ముందుకు ఊపాడు. ఆఫీసుకి పంపమని. ఆమె "అలాగే" అని, ఏవో రెండు మీటలు నొక్కి, "పంపించేశాను" అంది. తర్వాత అదీ రోజూ ఉండేది. ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకునేవాడు. తిండి సరిగ్గా తింటున్నాడు. నిద్రపోతున్నాడు. సాయంత్రాలు షాపుదాకా నడిచి వచ్చి, బయట బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరితో ఏదో ఒకటి మాట్లాడేవాడు. వాళ్ళు తలూపేవాళ్ళు. మనిషి కోలుకుంటున్నాడని అందరూ అన్నారు. ఆమె కూడా అదే అనుకుంది, అనుకోదలుచుకుంది.

ఐదు వారాల్లో నలభై మూడు పేజీలయ్యాయి. ఆయనకి మాత్రం ఒక వెలితి మొదలైంది. ఆఫీసు నుంచి జవాబు రావడం లేదు. పంపిన ప్రతిదానికీ ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగడం ముప్పయ్యొక్క ఏళ్ళ అలవాటు. ఆయన ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టి, "పిల్లి ఇంకా ఎండలేదా?" అనేవాడు ఆదుర్దాగా. రోజుకి నాలుగుసార్లు. చివరికి ఒకరోజు అన్నం ముందునుంచి లేచిపోయాడు.

ఆమె బొమ్మలమ్మాయికి ఫోన్ చేసి అంతా చెప్పింది. "నువ్వొకసారి వచ్చి చూసి, బాగుందని చెప్పి వెళ్ళమ్మా. ఒక్క మాట. నీకు పుణ్యముంటుంది."

"వస్తానక్కా" అంది బొమ్మలమ్మాయి. అంతే అంది. చెబుతానని అనలేదు. ఆ సంగతి ఆమెకి తర్వాత గుర్తొచ్చింది.

శనివారం మధ్యాహ్నం వచ్చింది. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. బొమ్మలమ్మాయి కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. చేతిలో పెన్సిలు పట్టుకుంది, ఆఫీసులో పట్టుకున్నట్టే. ఆయన ఆ పెన్సిలు వంకే చూస్తున్నాడు. గంటన్నర చదివింది. భార్య టీ పెట్టి తెచ్చి, ఇద్దరికీ ఇచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది. చదివే మనిషి మొహంలో ఏ భావమూ లేదు. టీ చల్లారిపోయింది.

చివరి పేజీ అయ్యాక బొమ్మలమ్మాయి పెన్సిలు బల్ల మీద పెట్టింది. ఆయన వైపు తిరిగింది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా అంది.

"సార్. నాకు అర్థం కాలేదు."

ఆయన కనుబొమ్మలెత్తాడు.

బొమ్మలమ్మాయి పెన్సిలుతో తెర చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. "ఏదీ అర్థం కాలేదు సార్. మొదటి పేజీ నుంచీ."

ఆయన తెర వైపు చూశాడు. కుడివైపు పేజీ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తల తిప్పి భార్య వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే ఆమె తట్టుకునేది. ఆ చూపులో కోపం లేదు. రోజూ బాగుందన్నావు కదా అని అడుగుతున్నట్టుంది, అంతే. ఆమె కళ్ళు దించుకుంది. ఆయనకి ఆ దించుకోవడం అర్థమైంది.

లేచి, కాలు ఈడ్చుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె ఒంటికాలి మీద లేచింది. వీధి గుమ్మం దాకా బొమ్మలమ్మాయి వెంట వెళ్ళి, "ఒక్క అబద్ధం చెబితే నీ సొమ్మేం పోయింది? నేను రోజూ చెప్పడం లేదూ? మనిషి నాలుగు ముద్దలు తింటున్నాడు, నవ్వుతున్నాడు, అది నీ కళ్ళు కుట్టిందా?" అంది.

బొమ్మలమ్మాయి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ ఆగింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. "నేను చేరిన మొదటి వారంలో సార్ రాసింది ఒకటి నాకు అర్థం కాక, అర్థమైందని చెప్పానక్కా. ఆయన కనిపెట్టేశారు. చదివినవాడికి అర్థం కాకపోతే తప్పు రాసినవాడిది, ఆ మాట చెప్పకపోతే మాత్రం తప్పు చదివినవాడిది అన్నారు. ఇన్నేళ్ళలో మళ్ళీ ఎప్పుడూ ఆయనతో అబద్ధం చెప్పలేదు. ఇవాళ చెబుదామనే వచ్చాను. నిజంగా. నోరు రాలేదు."

"నా గుమ్మం తొక్కకు" అంది ఆమె, తలుపు వేసేసింది.

తొమ్మిది రోజులు ఆయన కంప్యూటర్ దగ్గరికి పోలేదు. మాట్లాడనూ లేదు. ఆ తప్పుడు మాటలు కూడా ఆగిపోయేసరికి ఇల్లు చెవుల్లో హోరుమంది. అంతకుముందు వాటిని విని ఎంత ఏడ్చిందో, ఇప్పుడవి వినబడక అంత ఏడ్చింది. ఏదైనా అనబోయి ఆయన ఆగిపోతున్నాడు. పెదవులు కదిపి, చెవి రిక్కించినట్టు ఒక క్షణం ఉండి, నోరు మూసుకుంటున్నాడు.

అది చెబితే మాటల డాక్టరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "ఆగిపోతున్నారా? అంటే తన మాట తనకి వినబడుతోందన్నమాట. తప్పని తెలుస్తోంది. అమ్మా, ఇది మంచి కబురు. ఇన్నాళ్ళూ దీనికోసమే చూస్తున్నాం. బాగుపడటం మొదలయ్యేది ఇక్కడే."

"బాగుపడటమంటే ఇదేనా?" అంది ఆమె. "బాగుపడక ముందు నవ్వుతూ ఉండేవారు."

డాక్టరమ్మ బొమ్మల కార్డులు సర్దుతూ, "అవునమ్మా. చాలామందికి ఇంతే. తెలియడంతోనే బాధ మొదలవుతుంది" అంది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఆమె తనే వెళ్ళి కంప్యూటర్ పెట్టింది. ఫైలు తెరవగానే తెర రెండుగా చీలి, నలభై మూడు పేజీలూ కుడివైపు ఠంచనుగా నిలబడ్డాయి. లోపలికి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. పక్క కుర్చీలో తను కూర్చుంది.

"నేను అబద్ధం చెప్పానండీ" అంది. ఆయనకి ఎంత చేరుతుందో తెలియక, తెర చూపించి, తన నోరు చూపించి, రెండు చెంపలూ వేసుకుంది. "ఏదీ పంపలేదు. ఒక్కటీ పంపలేదు. మీరు బాధపడతారని."

ఆయన ఆమె చెయ్యి చెంప మీదనుంచి తీసేశాడు. తర్వాత మొదటి పేజీ మీద వేలు పెట్టి, ఆమె వైపు చూసి, చదవమన్నట్టు గడ్డం ఎత్తాడు. ఆమె పైకి చదివింది. గాలి చివర, మంగళవారాలు, నీడ కారడం. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. కుర్చీ నిండక ముందు అనే చోటికి వచ్చేసరికి మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. పెళ్ళయిన నాటినుంచీ ఆమె ఆయన ఏడవగా చూడటం అదే మొదలు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు.

ఏడుపు ఆగాక ఆయన మొత్తం రాత ఒకేసారి ఎంచి పట్టే మీటలు నొక్కాడు. పేజీలన్నీ నీలంగా మారాయి. ఏం చెయ్యబోతున్నాడో తెలిసి ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దండీ. ఉండనివ్వండి. ఎంత కష్టపడ్డారు." ఆయన చెయ్యి లాక్కోలేదు. ఆమె మొహంలోకి చూస్తూ అలాగే ఉన్నాడు. ఎంతకీ చూపు తిప్పుకోలేదు. చివరికి ఆమే వదిలేసింది. ఆయన చెరిపేశాడు. కుడివైపు పేజీ తెల్లగా అయిపోయింది.

ఆ తర్వాత ఆయన రాసింది రోజుకి ఒక్క మాట. ఒక్కోసారి వారానికి ఒకటి. ఒక మాట కొడతాడు, ఆమె పైకి చదువుతుంది, ఆయన కళ్ళు మూసుకుని వింటాడు, తల అడ్డంగా ఊపుతాడు, చెరిపేస్తాడు. సరైన మాట అందించకూడదని, దాన్ని ఆయనే పట్టుకోవాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆమెకి నాలుక చివర వరకు వచ్చేది. పళ్ళు బిగించి మింగేసేది. "పంపు" అన్న మాటకి నాలుగు రోజులు. దాని పక్కన "పిలిచే" అని కొట్టాడు. కాదు. "మెరిసే." కాదు. "ముసలి." కాదు. మూడోవారంలో ఒక పొద్దున్న "విప్పే" అని పడింది. చదివి ఆమె ఆగింది. ఆయన కళ్ళు తెరిచాడు. మళ్ళీ చదవమని వేలు ఊపాడు. చదివింది. ఇంకోసారి. చదివింది. ఆరోజు ఆమె షాపుకి ఆలస్యంగా వెళ్ళింది, ఎందుకు నవ్వుతున్నావని అడిగినవాళ్ళకి చెప్పలేకపోయింది.

పాత పుస్తకాల్లో ఆయన "విప్పుటకు పూర్వము విద్యుత్తును నిలుపవలెను" అని రాసేవాడు. ఆ పెద్ద మాటలు ఇక రాలేదు. వచ్చినవి చిన్న మాటలే. ఐదు నెలల్లో ఒక శీర్షిక, దాని కింద మూడు వాక్యాలు. "జాగ్రత్తలు. పంపు విప్పే ముందు కరెంటు ఆపండి. చెయ్యి తడిగా ఉంటే ముట్టుకోవద్దు. తెలీకపోతే అడగండి." పన్నెండు మాటలు. నోటితో మాత్రం అంతకూడా రాలేదు. మునుపటిలా తినలేదు, బెంచీ మీద కూర్చుని ఎవరితోనూ కబుర్లాడలేదు. షాపుకి వచ్చినా తల వంచుకుని కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే ఆమె వైపు చూసేవాడు. తను మాట్లాడితే ఏమవుతుందో ఇప్పుడు ఆయనకి తెలుసు.

పదమూడో మాట కోసం తడుముకుంటున్న రోజుల్లోనే పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆసుపత్రి దాకా కూడా ప్రాణం ఆగలేదు.

కబురు తెలిసి వచ్చినవాళ్ళలో బొమ్మలమ్మాయి వీధి అవతల నిలబడిపోయింది. గుమ్మం తొక్కలేదు. ఆమే చూసి, బయటికొచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

నెల గడిచాక ఒక ఆదివారం బొమ్మలమ్మాయి మళ్ళీ వచ్చింది. ఆమె కంప్యూటర్ తెరిచి చూపించింది. మనిషి లేకపోయినా సెట్టింగులన్నీ అలాగే ఉన్నాయి. కుడివైపు పేజీలో పైన ఒక శీర్షిక, కింద మూడు లైన్లు, మిగతాదంతా తెలుపు.

బొమ్మలమ్మాయి చదివింది. చాలాసేపు చదివింది, అంత చిన్న రాతని. "అర్థమైందక్కా" అంది చివరికి.

ఆమె అడిగింది. "ఒక మాట నిజంగా చెప్పు. ఆరోజు నువ్వు బాగుందని అనేసి వెళ్ళిపోయి ఉంటే, ఆయన ఆ ఐదు నెలలూ నవ్వుతూ ఉండేవారు కదూ?"

"ఉండేవారక్కా."

"నవ్వుతూనే పోయేవారు."

"అవును."

"మరి ఇది ఉండేది కాదు" అంది ఆమె, తెర వైపు చెయ్యి చూపించి. "ఏది మంచిదో నాకు తెలీడం లేదే. ఒకరోజు నీ మీద పీకల దాకా కోపం వస్తుంది. ఇంకోరోజు నా మీద వస్తుంది. ఆయన్ని అడుగుదామంటే..."

బొమ్మలమ్మాయి పక్క కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, "ఏమైనా తిన్నావా? ఉండు, అన్నం పెడతాను" అంటూ వంటగదిలోకి నడిచింది.